ఎర్రదారం కార్డు

అతను సైకిళ్ల షాపులో అడుగు పెట్టేసరికి, ఓ పెద్దాయన ఆకుపచ్చ సైకిల్ హ్యాండిల్‌కి ఎర్రదారంతో కట్టిన కార్డు విప్పుతున్నాడు.

అతను నేరుగా ఆ సైకిల్ దగ్గరికే వెళ్లి దాని మీద చెయ్యి వేశాడు.

పెద్దాయన ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, కార్డు చొక్కా జేబులో వేసుకున్నాడు.

ధర దాచేశాడు, అనుకున్నాడు అతను.

అతను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. రోజంతా మనుషులతో మాట్లాడేవి రెండే మాటలు.

"ఊపిరి బిగపట్టండి."

"ఇక వదలండి."

గదికి వెళ్తే ఆ రెండు మాటలు అనడానికి కూడా ఎవరూ ఉండరు. ఆదివారం అయితే మరీ కష్టం. గోడ గడియారం తప్ప పలకరించే దిక్కుండదు.

అందుకే కొండ మీద తిరగడానికి, ముందూ వెనకా కుదుపులు మింగే సస్పెన్షన్ ఉన్న సైకిల్ కొనాలనుకున్నాడు. మూడు నెలలుగా వెతుకుతున్నాడు.

"ఈపాటికి పెళ్లి సంబంధమైనా కుదిరేది," అని నర్సక్క ఆటపట్టించింది కూడా.

"ఎంతలో చూస్తున్నావు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"మరీ ఎక్కువ పెట్టలేను. అలాగని చవకదీ వద్దు."

"అయితే ఆ నల్లదాని జోలికి పోకు, జేబుకి చిల్లు. ఆ ఎర్రదాన్ని చూసి మోసపోకు. దాని వెనక స్ప్రింగు ఉత్త సోకు. ఎత్తు ఎక్కేటప్పుడు ఊగడం తప్ప దానికేం రాదు."

"మరి ఇది?"

పెద్దాయన చెయ్యి ఆకుపచ్చ సైకిల్ సీటు మీదే ఉంది.

"ఇది పోయినేడాది మోడల్. అందుకే ధర తగ్గింది. రంగు తప్ప కొత్తదానికీ దీనికీ తేడా లేదు. ఈ సైజులో ఇదొక్కటే మిగిలింది."

అప్పటికే అతని కళ్లు దానికి అతుక్కుపోయాయి.

"బరువెంత ఉంటావు?"

"అరవై నాలుగు."

పెద్దాయన చిన్న పంపు తెచ్చి వెనక షాక్ అబ్జార్బర్‌లో గాలి కొట్టాడు. అతన్ని ఎక్కి కూర్చోమన్నాడు. తను నడుం పట్టుకుని మెల్లగా వంగి, షాక్ ఎంత దిగిందో వేలితో కొలిచాడు. కొంచెం గాలి తీశాడు. మళ్లీ కొలిచాడు.

"ఇప్పుడు కుదిరింది. నీ ఒంటికి కొలిచి కుట్టినట్టుంది."

తన కోసం ఒకరు ఇంత శ్రద్ధ పెట్టి ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. సంతోషం వేసింది. ఆ వెనకే అనుమానమూ వేసింది.

లోపలి నుంచి షాపతను వచ్చాడు. పెద్దాయన ఆ షాపతని చెవిలో ఏదో చెప్పాడు.

"మరి మీకు?" అన్నాడు షాపతను తెల్లబోయి.

"నా సంగతి తర్వాత చూద్దాంలే."

అదన్నమాట, కమిషన్! దొంగ దొరికిపోయాడని లోలోపల నవ్వుకున్నాడు అతను.

సైకిల్ బయటికి తెస్తుంటే పెద్దాయన తలుపు పట్టుకున్నాడు.

"కొండకి ఎవరితో వెళ్తావు?"

ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది.

"ఒక్కణ్ణే."

"నేనూ ఒక్కణ్ణే. ఆదివారం ఆరింటికి కొండ కింద వాటర్ ట్యాంకు దగ్గరుంటా. వచ్చెయ్. పక్కన ఓ మనిషి గొంతు వినబడుతుంటే ఎత్తు తెలియదు."

"చూద్దాంలెండి."

ఇవాళ సైకిల్. రేపు హెల్మెట్ అంటగడతాడు. ఎల్లుండి మోకాళ్ల తొడుగులు. ఆమాత్రం తెలియదా తనకి!

ఆదివారం కావాలనే తొమ్మిదింటికి వెళ్లాడు.

మరుసటి ఆదివారం తొందరపడి ఆరున్నరకే బయల్దేరాడు. మలుపు తిరగ్గానే ట్యాంకు దగ్గర కనిపించాడు పెద్దాయన. పక్కన సస్పెన్షన్ అన్నదే లేని పాత సైకిల్. ఓ చేత్తో నడుం రుద్దుకుంటూ దారి వైపే చూస్తున్నాడు.

తన సరుకు మీద తనకే నమ్మకం లేదు, అనుకుని అతను ఇంకో దారి పట్టాడు.

సైకిల్ మాత్రం బంగారం. రాళ్ల మీద దూకినా ఒళ్లు అదరలేదు. కొండ పైనుంచి ఊరంతా కనిపించేది. "చూశావా ఎంత బాగుందో!" అనడానికే పక్కన ఎవరూ లేరు.

ఎనిమిది ఆదివారాలు అలాగే గడిచాయి.

తొమ్మిదో ఆదివారం ఉండబట్టలేక ఆరింటికే ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. అంటగడితే అంటగట్టనీ, హెల్మెట్ కూడా కొనేద్దాం అనుకున్నాడు.

ఎనిమిదింటి దాకా నిలబడ్డాడు. పెద్దాయన రాలేదు.

మర్నాడు పెద్దాయనే ఎక్స్‌రే గది తలుపు తీసుకుని, గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"నువ్వా బాబూ! సైకిల్ ఎలా ఉంది?"

"బావుందండీ." అతను తల దించుకున్నాడు. "నిన్న వచ్చాను."

"అయ్యో, నిన్ననే లేవలేకపోయా. ఇక రానులే. డాక్టరుగారు తొక్కడం మానెయ్యమన్నారు."

అతను వెళ్లి ఆయన చెయ్యి ఆసరాగా పట్టుకున్నాడు.

"షాపులో అన్ని మంచివి పెట్టుకుని, ఆ పాతదాని మీద ఎందుకండీ నడుం పాడుచేసుకున్నారు?"

"షాపు నాదా ఏం?" పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు. నవ్వినా నొప్పే.

అతను పెద్దాయన జేబులోవన్నీ ట్రేలో పెట్టించాడు. మెల్లగా బల్ల మీద పడుకోబెట్టాడు. ట్రే తీసుకుని అద్దం వెనక్కి వెళ్లాడు.

"ఊపిరి బిగపట్టండి."

మీట నొక్కాడు. కళ్లు ట్రే మీద పడ్డాయి.

తాళాలు, కళ్లజోడు, ఎర్రదారం కట్టిన కార్డు. వెనక వైపు ఆసుపత్రికి రావాల్సిన టైము రాసుకున్నాడు పెద్దాయన.

ఆ రోజు ఎంత ధర దాచాడో చూద్దామని అతను కార్డు తిప్పాడు.

తర్వాత అనాల్సిన మాట నోట్లోంచి రాలేదు. బల్ల మీద పెద్దాయన ఆ మాట కోసమే ఊపిరి బిగపట్టుకుని ఉన్నాడు.

కార్డు మీద ధర లేదు, షాపతని చేతిరాత ఉంది: "అమ్ముడైపోయింది. నడుం నొప్పి పెద్దాయన శనివారం వచ్చి తీసుకెళ్తారు. ఇంకెవరికీ ఇవ్వొద్దు."