ఆరో తాళం

కరెంటు పని ముగించుకుని ఐదుగురూ ఎవరి తాళం వాళ్లు తీసుకున్నారు. అయినా మెయిన్ స్విచ్‌కి ఇంకొక తాళం వేలాడుతూనే ఉంది.

అది చూసి ఇంజనీరమ్మ మనుషుల్ని మళ్లీ లెక్కపెట్టింది. ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరి ఆమెకింకా వారం నిండలేదు. పొద్దున వీళ్లు పని మొదలుపెట్టే వేళకు ఆమె మేనేజరు గదిలో నిలబడి అక్షింతలు వేయించుకుంటోంది. ఎంతమంది పనిలోకి దిగారో కళ్లారా చూడలేదు.

చేరిన రోజే ఆమెకు బాగా నచ్చింది అక్కడి పద్ధతి. కరెంటు పని చేయాలంటే ముందు స్విచ్ పిడి కిందికి దించి, ఆరు కంతలున్న రేకు ఒకటి దానికి తగిలిస్తారు. పనికి దిగే ప్రతివాడూ అందులో తన తాళం వేసుకుని, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటాడు. పని ముగించి బయటికొచ్చాక తన తాళం తనే తీయాలి. ఆఖరి తాళం ఊడేదాకా, బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ పిడి పైకి లేవదు. తాళం ఉందంటే మనిషి లోపల ఉన్నట్టే లెక్క.

ఆమె ఆ తాళాన్ని తిప్పి చూసింది. తెల్లరంగుతో ‘చంటి’ అని రాసి ఉంది.

“చంటి ఎవరు?”

పొడుగోడు తన బూట్ల వంక చూసుకున్నాడు. పెళ్లయి నాలుగేళ్లయినా ఇంకా పెళ్లికొడుకనే పిలిపించుకునేవాడు రబ్బరు తొడుగులు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. పొద్దస్తమానం లొడలొడా వాగే మనుషులు ఒక్కసారిగా మూగనోము పట్టారు.

ఇంజనీరమ్మ ఇక ఆగలేదు. ఒకడి చేతిలోని టార్చి లాక్కుని, కేబుళ్లు పోయే కాలువ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆ ఇరుకులో, ఆ ఉక్కలో ఎవడు సొమ్మసిల్లి పడి ఉన్నాడో ఏమో. ఏ తల్లి కన్నబిడ్డో. చంటీ, చంటీ అని గొంతు చించుకుని పిలిచింది. లోపలి నుంచి బదులు రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“లోపలెవరూ లేరమ్మా,” అన్నాడు ముసలి మేస్త్రి, కళ్లద్దాలు తుడుచుకుంటూ. “నేను చూసొచ్చాను. రెండుసార్లు.”

మరి ఈ తాళం మాటేమిటని ఆమె నిలదీసింది. దాన్ని తీసే మనిషికి కబురు పంపాననీ, వచ్చేదాకా కాస్త ఓపిక పట్టమనీ అతను గొణిగాడు. ఇంతలో మేనేజరు ఫోను చేశాడు. అందరూ బయటే ఉంటే మిషన్లు ఇంకా ఎందుకు తిరగడం లేదని కేకలేశాడు. సాయంత్రం లారీ ఖాళీగా వెళ్తే ఆమె కూడా దాంతోపాటే వెళ్లిపోవచ్చన్నాడు. ఫోను పెట్టేసేసరికి ఆమె ముఖం కందగడ్డయింది.

“స్టోర్స్ నుంచి కట్టర్ తెప్పించండి, మేస్త్రి గారూ. తెంపేద్దాం. రెండు నిమిషాల పని.”

మేస్త్రి గబగబా ముందుకొచ్చాడు. అంత పెద్దాయన స్విచ్‌కి అడ్డంగా నిలబడి ఆమెకు చేతులు జోడించాడు.

“ఆ మాట మాత్రం అనకండమ్మా.”

ఆమెకు తిక్కా రేగింది, జాలీ వేసింది. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా, క్యాంటీనులో గిన్నెలు తోమే ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. రోజూ టీ తెచ్చిచ్చేదే గాని, ఆవిడ నోట ఒక్క మాట ఇంజనీరమ్మ ఇంతవరకు వినలేదు.

ఎవరూ చెప్పకుండానే ఐదుగురూ గోడ వారగా వరసలో నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కరి ముందూ ఆగి, ముఖంలోకి చూసి, ఒక్కో వేలూ మడిచింది. ఐదో వేలు మేస్త్రి దగ్గర మడిచింది. ఆ తర్వాత మెడలోని దారం పైకి లాగి, దానికున్న తాళంచెవితో ఆరో తాళం తీసింది.

“వేయనా?” అని అడిగాడు మేస్త్రి.

ఆవిడ తల ఊపింది. మేస్త్రి పిడి పైకెత్తాడు. మిషన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఆవిడ తాళాన్ని గుప్పిట్లో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

“ఆ తాళం ఆవిడదా?”

“మా ఆవిడమ్మా. పొద్దున వేసేదీ తనే, తీసేదీ తనే. తాళం మాత్రం మా అబ్బాయిది. ఆ రోజు అది వాడి జేబులోనే ఉండిపోయింది.”

ఇంజనీరమ్మ అడగకూడదనుకుంటూనే, అబ్బాయి ఎందుకు వేసుకోలేదని అడిగేసింది.

మేస్త్రి ఇంకా ఆ పిడి మీదనుంచి చేయి తీయలేదు.

“వేయబోయాడమ్మా. రెండు నిమిషాల పనికి తాళమెందుకురా అన్నది నేను. వాడు బయటికొచ్చేశాడనుకుని స్విచ్ వేసిందీ నేనే.”