ఎడమ చేతి గాజు

గాజు వేళ్ల మొదళ్లు దాటి, బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుంది.

ముందుకు పోదు. వెనక్కి రాదు.

"కుడి చేతికి ఇదే సైజు సర్రున ఎక్కింది గద భాయ్! ఎడమకేమైంది?" అంది నాగమణమ్మ, నొప్పి ఓర్చుకుంటూ.

లాడ్ బజార్‌లో ఖయ్యూం దుకాణం ఆమెకు పెళ్లినాటి నుంచీ తెలుసు. వచ్చే వారం కూతురు రూప పెళ్లి. తల్లీకూతుళ్లు గాజుల కోసం వచ్చారు.

ఖయ్యూం సబ్బునీళ్లు రాశాడు. మెల్లగా తిప్పాడు. గాజు కదల్లేదు. వేళ్లు నల్లబడసాగాయి.

"పగలగొట్టండి" అందొక గొంతు.

ఇంతసేపూ దుకాణం మూలన స్టూలు మీద కూర్చున్న ఆవిడ. నడివయసు. బోసి చేతులు.

"ఏం మాటమ్మా అది!" నాగమణమ్మ కస్సుమంది. "మా ఆయన బస్సు డ్యూటీల ఉన్నడు. ముత్తైదువ చేతి గాజు పగలగొడ్తరా ఎవరన్న?"

"అమ్మా, వేళ్లు సల్లగైనయే!" రూప ఏడుపు గొంతుతో అంది.

ఖయ్యూం పట్టకారు అందుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. ముత్తైదువ గాజును పగలగొట్టడం ఆ దుకాణంలో తాతల నాటి నుంచీ లేదు.

బోసి చేతుల ఆవిడ లేచి వచ్చింది. పట్టకారు లాక్కుంది. గాజు మీద గుడ్డ కప్పి ఒక్కసారి నొక్కింది.

చిటుక్కుమంది.

ఎర్రటి ముక్కలు దుకాణంలో పరిచిన పరుపు మీద రాలాయి.

నాగమణమ్మ వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆవిడ మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. మోచేతి దాకా వేలితో నొక్కి చూసింది.

"ఈ చెయ్యి ఎప్పటి నుంచి వాచింది?" అని, గొంతు తగ్గించి, "చంకలో గానీ రొమ్ములో గానీ గడ్డ ఉందా తల్లీ?"

నాగమణమ్మ చెంగు భుజం చుట్టూ లాక్కుంది.

ఉంది. ఆ సంగతి ఎల్లమ్మ తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పిల్ల పెళ్లి అయ్యేదాకా ఆపు తల్లీ అని మొక్కుకుంది. ఇప్పుడు బయటపడితే పెళ్లి ఆగిపోతుంది.

"అమ్మా, గడ్డేంది?" అంది రూప.

"ఏం లేదు బిడ్డా. ఉత్త నీరు వాపు."

"రేపే రండి. ఆసుపత్రికి నేను తీసుకువెళ్తాను. ఇది పెళ్లిళ్ల కోసం ఆగదు" అందావిడ.

అంతే. నాగమణమ్మ వీధి వినేలా అరిచింది.

"చేతికి గాజుల్లేనిదానివి, నా గాజు పగలగొట్టి, ఇప్పుడు రోగం అంటగడ్తున్నవా? పెండ్లి ముంగట శకునం ఖరాబ్ చేస్తవా? ఖయ్యూం భాయ్, గిట్లాంటోళ్లని కూసోబెడ్తే నీ దుకాణం గడప ఎవ్వరు తొక్కరు!"

జనం మూగారు. తలా ఒక మాట అన్నారు.

ఆవిడ గుంపులోంచి దారి చేసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి నాగమణమ్మ ఎడమ చేతి వంక చూసింది.

పెళ్లి జరిగింది. మొగుడు శివయ్య నిక్షేపంగా ఉన్నాడు.

బోనాలు వెళ్లాక నడుము నొప్పితో నాగమణమ్మ మంచం పట్టింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు చూసి డాక్టర్ ఆమె ఎడమ చెయ్యి అందుకున్నాడు.

"ఈ చెయ్యి ఎప్పటి నుంచి వాచింది?"

అదే ప్రశ్న. ఈసారి నిజం చెప్పింది.

"రొమ్ములో పుట్టిన క్యాన్సర్ ఎముకల్లోకి వెళ్లిందమ్మా. అప్పుడే వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదేమో. మందులతో అదుపు చేద్దాం."

నాగమణమ్మకు ఎర్రటి ముక్కలు గుర్తొచ్చాయి. ఎల్లమ్మ తన మొక్కు విననే లేదా? విని, ఆ రోజే ఎవరినో పంపిందా?

మర్నాడు రూప భుజం పట్టుకుని లాడ్ బజార్ వెళ్లింది. మూలన స్టూలు ఖాళీగా ఉంది.

"ఆ అక్క అన్న రోగమే బయటపడ్డది, ఎముకలకు పాకింది. ఆమె కాళ్లు మొక్కాలె భాయ్. ఎప్పుడొస్తది?"

"ఇగ రాదమ్మా. ఆ లొల్లి తర్వాత బజార్ల పెద్దలు వద్దన్నరు. గిరాకీ భయపడ్తదంట."

"గాజులు తొడగని మనిషికి గాజుల దుకాణంల ఏం పనుండె?"

ఖయ్యూం గాజులు సర్దడం ఆపాడు.

"ఈ బీమారీ రొమ్ముల నుంచి ఎముకల దాకా ఎట్ల పోతదో ల్యాబుల జిందగీ అంత చూసిన సైంటిస్టమ్మా ఆమె, 'ఎముకలకు పొయినంకనే ల్యాబుల నాకు కనబడ్తది భాయ్, పోకముందు గాజు ఎక్కని చేతిల నీకే కనబడ్తది' అని, వచ్చే పోయే ఆడోళ్ల చేతులు చూస్కుంట ఆ స్టూల్ మీద కూసునేది."