ఎర్రకుంటపల్లె సర్వే

జీపు ఊరి పొలిమేర దాటక ముందే వెంకట్రాజం ఎడ్లన్నిటినీ గుట్ట వెనక్కి తోలించేశాడు.

"పాడి బర్లను గూడ తోలుండ్రి. ఒక్క దూడ కండ్లవడ్డా మీ సంగతి చెప్త" అని వీధి మధ్యలో నిలబడి అరిచాడు.

ఎర్రకుంటపల్లెలో ఆయన మాటకు ఎదురు లేదు. పటేలు కాదు, పట్వారీ కాదు. కానీ సర్కారు వాళ్లతో ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలిసినంత ఊళ్లో మరొకరికి తెలియదు. తండ్రి నేర్పిన విద్య అది. నిజాం కాలంలో లెవీ వడ్ల కోసం వచ్చిన వాళ్ల ముందు, నిండు పాతర మీద చాప పరుచుకుని కూర్చుని, పిల్లలకు గంజి కూడా లేదని భోరున ఏడ్చిన మనిషి ఆయన తండ్రి. కాగితం పట్టుకొచ్చినవాడు ఏది అడిగినా లేదనాలి. ఊరు అట్లాగే బతికింది.

ఈసారి వ్యవహారం ఇంకా పెద్దది. వారం కిందట జిల్లా ఆఫీసులుండే సుబేదారి నుంచి వచ్చిన జీపు డ్రైవరు చాయ్ తాగుతూ ఒక ముక్క జారవిడిచాడు. మూడు ఊళ్లను చూస్తున్నారట. ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటారట. చివరికి ఒక్క ఊరినే ఎంచుకుంటారట. దేనికని అడిగితే, "కరెంటు స్కీము. అంతకన్న మాకు చెప్పరు" అన్నాడు.

కరెంటు! డెబ్బై తొమ్మిదో సంవత్సరం వచ్చినా ఊళ్లో ఇంకా కందిళ్లే. మోట కొట్టీ కొట్టీ ఎడ్లూ మనుషులూ ఒక్కలాగే అరిగిపోతున్నారు. నిరుడు బోర్లు పడింది కూడా కరువు ఊళ్లని రాయించుకున్న వాటికే కదా! కాబట్టి మూడింటిలో అందరికంటే దిక్కులేని ఊరు తమదే కావాలి. వెంకట్రాజం మూడు రోజులు గడప గడపకూ తిరిగి అందరి చేతా జవాబులు వల్లె వేయించాడు.

జీపు ఆగింది. ముందు సీట్లో ఉన్న రాజేశ్వర్ రావు దిగలేదు. ఆయన పెద్దసారు. దిగింది భారతి. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు, నేత చీర, చంకలో కాగితాల కట్ట. కొత్త యంత్రాలూ ఫ్యాక్టరీలూ వస్తే పల్లెలు ఏమవుతాయో పరిశోధన చేస్తుందట.

"ఈ వివరాలు దేనికో ముందే చెప్పకూడదు. చెబితే జవాబులు మారిపోతాయి. మా పద్ధతి అది" అంది.

'మారుతయి తల్లీ, మా జవాబులు నీకేం తెలుసు' అనుకుని వెంకట్రాజం మీసాల చాటున నవ్వుకున్నాడు.

బావులెన్ని? ఎండిపోయినయి. పంట? రాళ్లు పండుతయి. గొడ్లు? కరువుకు అమ్ముకున్నం.

భారతి నేల వైపు చూసింది. "మరి ఈ పేడ? తడి కూడా ఆరలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఆశ ఉంది. ఎందుకో వెంకట్రాజానికి అంతుపట్టలేదు.

"పొరుగూరి గొడ్లు, దారి తప్పొచ్చినయి" అన్నాడు తడుముకోకుండా.

"పెద్దాయనా, బాగా చూసి చెప్పండి. ఒక్క జత ఎడ్లయినా ఉన్నాయని రాయనా?"

"భారతీ!" జీపులోంచి రాజేశ్వర్ రావు పిలిచాడు. "వాళ్లు చెప్పిందే రాయాలి. మనం అనుకున్నది కాదు."

ఆమె తల వంచుకుని సున్నా రాసింది.

చివరి ఇల్లు సమ్మమ్మది. డెబ్బై ఏళ్ల ముసలిది. వెంకట్రాజం నేర్పినదానికి రెండింతలు ఒలకబోసింది.

"ఈ ఊరంటే నీకు మమకారం లేదా అవ్వా?"

"ఏం మమకారం బిడ్డా, ఈ రాళ్ల మీద! పొమ్మంటే ఇయ్యాల్నే పోతం."

భారతి చేతిలో పెన్ను ఆగిపోయింది. "జర ఆలోచించి చెప్పు అవ్వా. నీ మొగుణ్ని ఇక్కడే కదా మట్టి చేసింది?"

"సచ్చినోనితోని ఏం పని బిడ్డా!" అనేసి, వెంటనే సమ్మమ్మ నాలుక కరుచుకుంది. కానీ వెంకట్రాజం కళ్లతోనే శభాష్ అన్నాడు.

భారతి ఆ ముసలి చేతులు పట్టుకుని వదల్లేకపోయింది. కళ్లద్దాల కింద నీళ్లు తిరిగాయి.

"మేడం ఏడుస్తాంది. మన గోస ఆమెను కలిచేసింది" అని వెంకట్రాజం పక్కనున్న కట్టయ్య చెవిలో ఊదాడు. పని అయిపోయినట్టేనని ఆయనకు గుండె నిండిపోయింది.

జీపు ఎక్కబోతూ ఆమె మళ్లీ వెనక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "మిగతా రెండు ఊళ్ల వాళ్లు తమకు చాలా ఉందని చెప్పారు పెద్దాయనా. మీకింకేమైనా చెప్పాలని ఉందా? ఇప్పుడైనా సరే."

వెంకట్రాజానికి నవ్వాగలేదు. ఎంత పిచ్చోళ్లు! చేతికొచ్చిన స్కీమును కాలదన్నుకున్నారు.

"ఇంకేముంది బిడ్డా చెప్పుటానికి. మాకేం లేదు" అన్నాడు రెండు చేతులూ చూపిస్తూ.

నాలుగు నెలలకు కాగితం వచ్చింది. వెంకట్రాజం తలకు కొత్త రుమాలు చుట్టుకున్నాడు. ఊరంతా బడి ముందర చేరింది. మిషన్ బడి పంతులు జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు.

"మూడు గ్రామాలను పరిశీలించిన మీదట ఎర్రకుంటపల్లె గ్రామాన్ని ఎంపిక చేయడమైనది."

డప్పులు మోగాయి. కట్టయ్య, ఇంకో నలుగురు కలిసి వెంకట్రాజాన్ని భుజాల మీదికెత్తుకున్నారు. ఆడవాళ్లు బొట్టు పెట్టారు. అంత సంబురంలోనూ పంతులు ఒక్కడే కాగితంలోంచి తల ఎత్తలేదు. అది చూసి డప్పులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఇంకేం రాసిండ్రు పంతులూ, చదువు" అన్నాడు వెంకట్రాజం పైనుంచే.

పంతులు చదివాడు: "కొత్త కరెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే బొగ్గు బూడిదను నింపుటకు స్థలం వెతుకుతూ చేసిన సర్వేలో, పోగొట్టుకొనుటకు ఏమీ లేని గ్రామం ఇదేనని గ్రామస్తుల నోటి మాటతోనే రుజువైనందున, తొంభై రోజుల లోపల అందరూ ఊరు ఖాళీ చేయవలెను."