ఏడో చుక్క

మా ఆయన పోయిన రోజున ఇంట్లో పొయ్యి వెలగలేదు. వంటింటి గోడ మీది చుక్క అట్టడుగుకు పడింది.

ఇప్పుడు గాజువాకలో ప్రతి వంటింటి గోడా ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పటం లాగా రోజూ వండే బియ్యం కొలిచి ఒక చుక్క పెడుతుంది. మా గోడ మీది మధ్య గీత మేమిద్దరం రోజూ వండుకున్న బియ్యానికి సగటు. వరసగా ఏడు చుక్కలు గీత కిందే పడితే అది పొరపాటు కాదు, మార్పు అని ఎనిమిదో తరగతికి లెక్కల్లో నేనే చెబుతాను. అప్పుడు పాత గీత చెరిపి కొత్తది గీయాలి.

చుట్టాలు వెళ్ళాక ఆరు చుక్కలు కిందే పడ్డాయి. ఈ ఉదయం ఇద్దరికీ సరిపడా రెండు గ్లాసుల బియ్యం పోశాను.

పక్క వీధి నుంచి వచ్చిన ఆడపడుచు దమయంతి గిన్నెలోకి తొంగి చూసింది. "ఇంతన్నం ఎవరికి వదినా?"

"గీత కోసం."

"గోడకి ఆకలేస్తాదేటి? దొంగ కొలతంటే అన్నయ్యకి పడదు కదా."

నిజమే. బోల్టుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కొలతలు చూసిన మనిషి ఒక్క అంకె కూడా మార్చి రాయలేదు.

ఒక గ్లాసు బియ్యం తిరిగి డబ్బాలో పోసి పొయ్యి వెలిగించాను. ఏడో చుక్క కిందే పడింది.

"పాత గీత చెరపమంటారా?" అని గోడ అడిగింది.

పిల్లలైతే అవునని రాయాలి, లేకపోతే మార్కులు వేయను. నేనింకా జవాబు చెప్పలేదు.