కంపు పోయిన మడుగు

"నీ మడుగు నీళ్ళు తాగి నా దూడలు పారుకుంటున్నాయి, థెంజి అక్కా. ఎల్లుండే ఎమలహ్లేని ఊళ్ళో పశువుల సంత. తోకలు తడిసిన దూడల్ని ఎవడు కొంటాడు?" ముజి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

పాత బొగ్గు గనిలోంచి ఊరే నీటిని ఆ మడుగులో శుభ్రం చేసి వాగులోకి వదలడం థెంజి పని. ఆమె కర్రతో అడుగు కెలికి వాసన చూసింది.

"కంపు పోయిందని సంబరపడ్డావుగా?"

"పడనా మరి? కుళ్ళిన గుడ్ల కంపుకి బేరగాళ్ళు నా దొడ్డి తొక్కేవాళ్ళు కాదు. అందుకేగా నీకు పేడ తోలడం మానేశాను."

"ఆ పేడ తిని బతికే క్రిములే, తమ్ముడూ, నీళ్ళలోని సల్ఫేటుని విరగ్గొట్టేది. అది విరుగుతుంటే వచ్చేదే ఆ కంపు. నువ్వు వాటిని పస్తు పెట్టావు. ఇప్పుడా సల్ఫేటు తిన్నగా నీ దూడల కడుపులోకి పోతోంది."

ముజి గట్టిగా గాలి పీల్చాడు. ఏ వాసనా లేదు. ఇన్నాళ్ళూ లాభమనుకున్న గాలి అదే.

ఫోను తీసి పాలేరుతో అన్నాడు: "దూడల్ని వాగు దగ్గరికి పోనివ్వకు, బోరు నీళ్ళు పెట్టు. ట్రక్కు నిండా పేడెత్తి మడుగు దగ్గరికి తోలు."

"మరి సంత?" అంది థెంజి.

"ఈ సంత పోయినట్టే. కంపు మళ్ళీ ఎప్పటికొస్తుందో అది చెప్పు అక్కా."