సిద్ధాంతిగారింట్లో శని

“ముందు దాన్ని గోడ మీంచి దించు!”

బాలసుబ్రహ్మణ్య సిద్ధాంతి అరుపుకు ముందుగదిలో జాతకాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. నడవాలో అప్పుడే మేకుకు తగిలించిన ఫొటో ఫ్రేము మీంచి చేతులు ఇంకా తీయకుండానే మనోజ్ఞ తండ్రి వైపు తిరిగింది.

“నేను తీసిన ఫొటో నాయనా. మన మేడ మీంచే తీసినా.”

“ఎవరు తీస్తే ఏంది? అది శనిగ్రహమా, కాదా?”

“శనిగ్రహమే.”

“మార్కాపురంలో జనం నా దగ్గరికి వచ్చేది దేనికి? ఈయన చూపు మా ఇంటి మీద పడకుండా చూడు సామీ అని! నువ్వేమో ఏకంగా తెచ్చి నట్టింట్లో తగిలిస్తివి.”

పగలంతా ల్యాబులో మైక్రోస్కోపు కింద రక్తపు చుక్కలు చూసే మనోజ్ఞ, సాయంత్రమైతే మేడ మీద టెలిస్కోపులో ఆకాశం చూస్తుంది. ఎండకు కాలిన గచ్చు సెగలు కక్కుతుంటే గ్రహం గజగజా వణుకుతూ కనిపిస్తుంది. అందుకని బిందెలతో నీళ్లు మోసి మేడంతా తడుపుతుంది. టెలిస్కోపుకు కెమెరా బిగించి వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల బొమ్మలు ఏరి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్క ఫొటో చేస్తుంది. గురుడూ కుజుడూ ఎప్పుడో బాగా వచ్చారు. శని మాత్రం ఎన్నిసార్లు తీసినా మసకమసకే. ఈ కార్తీకంలో మొదటిసారి కుదిరాడు. కటిక నలుపు మధ్యన ఎండుగడ్డి రంగు గుండు, దాని నడుం మీదుగా అటూ ఇటూ పొడుచుకొచ్చిన సన్నటి గీత. కలర్ ల్యాబులో ప్రింటు చేతికి ఇచ్చినప్పటి నుంచీ మనోజ్ఞ కాళ్లు నేల మీద లేవు.

సిద్ధాంతి ఫ్రేము దగ్గరికి వచ్చి కళ్లు చిట్లించాడు.

“అసలిది శని ఎట్లయితది? బొమ్మల్లో చుట్టూ పళ్లెమంత వలయం ఉంటది. ఇది సూది గుచ్చిన నిమ్మకాయ లెక్కుంది.”

“ఈ ఏడు వలయం అంచు మన వైపు తిరిగింది నాయనా. పళ్లేన్ని అంచు నుంచి చూస్తే గీతే కదా కనపడేది. పైకి రా, నువ్వే చూద్దువు.”

“కోరి కోరి ఆయన ముఖం చూడమంటావా? దించు!”

మనోజ్ఞ దించింది. బీరువా పక్కన గోడకు ఆనించి, మేడ మెట్లెక్కింది.

సిద్ధాంతి ముందుగదిలోకి వచ్చి పంచాంగం ముందు కూర్చున్నాడు. ఎదురుగా కొమరోలు నుంచి వచ్చిన రాఘవమ్మ ఉంది. లోపలి గొడవంతా ఆమె చెవిన పడింది.

“ఆయన ఇప్పుడు యాడుండాడు సామీ?”

“మీనంలో ఉండాడమ్మా.” జవాబు టక్కున వచ్చింది.

“అది కాదు సామీ. చూసేదానికి ఎట్లుంటాడు? మీరు చూసినారా?”

ఆమె గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. ముప్పై ఏళ్లుగా ఆయన్ను ఎవరూ అడగని మాట అది. సిద్ధాంతి పంచాంగంలో రెండు పేజీలు అనవసరంగా తిప్పి, ఏదో మంచిరోజు చెప్పి ఆమెను పంపించేశాడు.

చీకటి పడింది. చివరి మనిషి కూడా వెళ్లాక, భుజం మీది కండువా సర్దుకుంటూ ఆయన మెట్లెక్కాడు.

“ఏదీ, చూపియ్యి,” అన్నాడు కూతురి ముఖం చూడకుండా.

మనోజ్ఞ పక్కకు జరిగింది. ఆయన వంగి చూశాడు.

“ఏముంది? అంతా చీకటి.”

“జరిగిపోయినాడు. భూమి తిరుగుతాంది కదా, ఉండు.” ఆమె మర కొంచెం తిప్పింది. “ఇప్పుడు చూడు. గొట్టం పట్టుకోవద్దు, అదురుతాది.”

మొదట నీళ్లడుగున గులకరాయిలా ఏదో వణికింది. గాలి ఒక్క క్షణం ఆగింది. అంతే, గుండ్రంగా, నిండుగా, నడుముకు సన్నటి వెలుగు గీతతో శని ఆయన కంటి ముందు నిలబడ్డాడు. అచ్చం ఆ ఫొటోలో ఉన్నట్టే. కింద రోడ్డు మీద బస్సు హారను మోగింది, ఎవరో ఎవరినో పిలిచారు. సిద్ధాంతికి ఏదీ వినబడలేదు. భుజం మీది కండువా తడి గచ్చు మీదికి జారిన సంగతీ తెలియలేదు. ఆయన చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

“ఎట్లుండాడు నాయనా?” అంది మనోజ్ఞ.

“చాలు,” అంటూ ఆయన లేచి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

భయపడ్డాడనుకుంది. చూపించకుండా ఉండాల్సిందనుకుంది.

మర్నాడు బారెడు పొద్దెక్కాక లేచి చూస్తే బీరువా పక్కన ఫొటో లేదు.

“మీ నాయన పొద్దున్నే ఎత్తుకొని పోయినాడు,” అంది తల్లి సుధారాణి. “యాడికని అడిగితే పలకలా.”

మనోజ్ఞకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో వద్దంటే సరే, పారేయడానికి ఆయనెవరు? ముఖం కూడా కడుక్కోకుండా ముందుగదికి విసురుగా నడిచింది. గుమ్మం నిండా జనం. వాళ్ల భుజాల మధ్య నుంచి తండ్రి కూడా సరిగా కనబడలేదు. గిద్దలూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేతులు నలుపుకుంటూ చెబుతున్నాడు.

“మా పిల్లోడికి ఏ పనీ కలిసి రావడం లేదు సామీ. వాణ్ణి శని పట్టిందని ఊరంతా అంటాండారు.”

సిద్ధాంతి పంచాంగం మూసి పక్కన పెట్టి, తన వెనక గోడ వైపు దర్జాగా వేలు చూపించాడు.

“మీ వాణ్ణి శని పట్టిందో లేదో తర్వాత చూస్తా గానీ, ముందు ఆ పటం చూడు పెద్దాయనా. మా పాప శనినే పట్టింది!”