కుట్టుగదిలో పాము

“పాము ఎప్పుడో వెళ్ళిపోయుంటుంది లెండి అత్తమ్మా. పెద్దాయన్ని ఊరికే శ్రమపెట్టడం ఎందుకు?” అంది రావియా, గది తలుపుకి అడ్డంగా నిలబడి.

“వెళ్ళేముందు నీతో చెప్పి వెళ్ళిందా?” అంది హజ్జా తఫీదా. “పక్కకి జరుగు. షేక్ గారిని లోపలికి రానీ.”

ఆవిడ వెనకాల పాముల షేక్ మబ్రూక్ నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ తలపాగా, పొడుగు చేతుల వదులు అంగీ, భుజాన తోలు సంచీ. ఆ నైలు ఒడ్డున ఏ ఇంటి గోడలో బుస వినిపించినా కబురు ఆయనకే వెళుతుంది. ఆయన మంత్రం చదివితే పాము తనంతట తానే వచ్చి చేతికి చుట్టుకుంటుందని ప్రతీతి.

ఆ గదిలో పాము లేదు, ఏనాడూ లేదు. ఉన్నదల్లా రావియా కుట్టుమిషను. ఊళ్ళో ఆడవాళ్ళు తొడిగే పొడుగాటి గలాబియాలన్నీ తయారయ్యేది దానిమీదే. అత్తగారు మంచంతో, బాతులతో సహా ఆ గదిలోకి మకాం మారుస్తానన్నప్పుడు, మిషను గేదెల కొట్టంలోకి పోవడం ఖాయమని తేలిపోయింది. అందుకే గోడలో పాముని చూశానని ఒక అబద్ధం ఆడింది. పామంటే అత్తగారు ఆ ఛాయలకి రాదనుకుంది. ఈ ఊళ్ళో పామంటే ముందు షేక్ వస్తాడన్న సంగతి మాత్రం మరిచిపోయింది.

వాకిట్లో ఆమె మొగుడు బదవీ తల్లి మంచాన్ని గాడిదబండి మీంచి అప్పుడే దించేస్తున్నాడు.

షేక్ లోపలికి వచ్చి కిటికీ రెక్క సగం మూశాడు. “వెలుతురుంటే సిగ్గుపడతాయి.”

“పాములకి సిగ్గేమిటి?” అంది రావియా.

“మనుషులు వదిలేసింది వాటికి దక్కిందమ్మా” అన్నాడాయన. తరవాత కర్రతో గోడంతా తట్టుకుంటూ గొంతెత్తాడు. “ఓ పాకేవాడా, గోడలో ఉన్నా, గోతిలో ఉన్నా, నా గురువుల మీద ఒట్టు, బయటికి రా. నీకు హాని చెయ్యను, నువ్వు నాకు చెయ్యకు.”

మట్టి ఇటుకల మధ్య ఉన్న సందులో చెయ్యి పెట్టి తీశాడు. పసుపుపచ్చటి పాము ఒకటి మెలికలు తిరుగుతూ వచ్చింది.

హజ్జా తఫీదా గుమ్మం అవతలికి గెంతి, అక్కణ్ణించే కేక వేసింది. “మంచం పట్రా, బదవీ.”

రావియాకి ఒళ్ళు మండిపోయింది. లేని పాముని తీసి చూపిస్తున్నాడంటే ఈ పెద్దమనిషి పచ్చి మోసగాడు. కానీ ఆ మాట ఎలా అంటుంది? దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని.

“ఇది కాదు” అంది. “నేను చూసింది నల్లది.”

షేక్ ఆమెకేసి ఒకసారి చూసి, పాముని సంచీలో వేసుకుని, మళ్ళీ మంత్రం అందుకున్నాడు. ఈసారి ధాన్యపు కుండ వెనకనుంచి నల్లటిది ఒకటి వచ్చింది.

“ఇది సన్నగా ఉంది. నేను చూసింది నా చెయ్యంత లావు.”

“పాము కనిపిస్తే పారిపోతారు గానీ, నిలబడి కొలత తీసుకుంటారటే?” అంది అత్తగారు.

“కుట్టుపని చేసేదాన్ని అత్తమ్మా. కొలతలో పొరపాటు రాదు.”

రెండో పామునీ సంచీలో పెడుతున్న నెపంతో షేక్ ఆమె దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించి, “నీ సంగతి నాకు తెలిసింది, నా సంగతి నీకు తెలిసింది. ఇంతటితో వదిలెయ్యి తల్లీ” అన్నాడు.

“ఇంకోటి ఉంది, అది మొండిది, రాదు అని మా అత్తమ్మతో ఒక్క మాట చెప్పండి. పాము చావకుండా, కర్ర విరక్కుండా పోతుంది.”

“రాని పాము ఉందని నేనే చెబితే, రేపటినుంచి నన్ను పిలిచేదెవరు?”

“మరైతే లావుపాటిది తియ్యండి” అంది రావియా.

షేక్ పళ్ళు కొరికాడు. అటు తిరిగి సంచీలో చెయ్యి పెట్టి ఏదో సర్దుకున్నాడు. ఇందాకటి పసుపుపచ్చ పామే మళ్ళీ అంగీ చేతిలోకి దూరడం రావియా కంట పడింది. ఇక ఆట కట్టినట్టే, బయటికి తీసిన మరుక్షణం గుర్తుపట్టి నలుగురికీ చూపిస్తానని ఆమె సంబరపడింది.

ఆయన మిషను కింద గొంతుక్కూర్చుని, నేలవారన ఉన్న బొరియలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. ఇల్లు అదిరేలా మంత్రం చదివి, కళ్ళు మూసుకుని ఒక్క గుంజు గుంజాడు.

నల్లగా నిగనిగలాడుతూ, చెయ్యంత లావున, పడగ విప్పుతూ వచ్చింది.

రావియా గోడకి అతుక్కుపోయింది.

“కొలత సరిపోయింది కదటే?” అంది గుమ్మంలోంచి అత్తగారు, భయంలోనూ ఎత్తిపొడుపు మానకుండా. “నా కోడలు చెప్పిందే నిజం. శభాష్, షేక్ గారూ.”

ఆ పొగడ్తకి షేక్ కళ్ళు తెరిచి చిరునవ్వు నవ్వాడు. అంతలో ఆయన అంగీ చేతిలోంచి పసుపుపచ్చ పాము జారి, కాళ్ళ దగ్గర దబ్బున పడింది. ఆయన దానికేసి చూశాడు. చేతిలో ఉన్నదానికేసి చూశాడు. మరుక్షణం దాన్ని విసిరేసి, తలపాగా ఊడిపోతున్నా పట్టించుకోకుండా కుట్టుమిషను మీదికెక్కి గావుకేక పెట్టాడు.

“నేను తెచ్చినవి రెండేనమ్మోయ్! అది నాది కాదు!”